కతోరి ఆలయ కత్తిసాము

గురుపరంపర తెగకుండా నేటికీ బతికి ఉన్న జపాన్ యుద్ధవిద్యల్లో తెన్‌షిన్ షోదెన్ కతోరి షింతో ర్యూ అతి పురాతనమైన వాటిలో ఒకటి. టోక్యోకు తూర్పున, చిబా ప్రాంతంలోని కతోరి షింటో ఆలయం దీని పుట్టిల్లు. ఎత్తయిన సుగి చెట్ల నడుమ ఉన్న ఆ ఆలయంలో పూజలందుకునే ఫుత్సునుషి ఖడ్గానికీ సమరానికీ అధిదేవత. ఇప్పుడు కనిపించే ప్రధాన మందిరం 1700లో కట్టినది. ఈ కత్తిసాము అంతకన్నా రెండున్నర శతాబ్దాలు పాతది.

స్థాపకుడు ఇయిజాసా ఇయెనావో 1387లో పుట్టి 1488లో కన్నుమూశాడని సంప్రదాయం చెబుతుంది. యుద్ధాల్లో ఆరితేరిన ఈ యోధుడు అరవై ఏళ్ల వయసులో ఆలయ ప్రాంగణం చేరి వెయ్యి రోజుల దీక్ష పట్టాడు. దీక్ష ముగిసేవేళ ఫుత్సునుషి ప్రత్యక్షమై యుద్ధశాస్త్ర గ్రంథాన్ని ప్రసాదించాడని ఐతిహ్యం. ఇయెనావో గురించి మరో కథ ఉంది. ఆయన గుబురుగా పెరిగిన సన్నని వెదురు మొక్కల మీద కూర్చుని, పోటీకి వచ్చినవాణ్ని తన పక్కకు రమ్మని పిలిచేవాడట. ఒక్క మొక్కా వంగకుండా కూర్చున్న ఆ వృద్ధుణ్ని చూసి సవాలు విసిరినవాడు మాట్లాడకుండా వెనుదిరిగేవాడు. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, కత్తి దూయకుండా గెలవడమే ఉత్తమ విజయమన్న ఈ విద్య సిద్ధాంతం అందులో ఉంది.

ఆ సిద్ధాంతం చేరిక దగ్గరే మొదలవుతుంది. విద్యార్థి ప్రమాణపత్రంపై సంతకం చేసి తన నెత్తుటితో ముద్ర వేస్తాడు. నేర్చినది బయటివారికి చూపనని, ఇతర సంప్రదాయాలవారితో పోటీకి దిగనని, చెడు నడతకు పాల్పడనని అందులో మాట ఇస్తాడు.

సాధన ప్రధానంగా ఇద్దరు కలిసి కర్రకత్తులతో చేసే కతాల రూపంలో, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరుసలుగా సాగుతుంది. వీటిలో పాఠాన్ని నడిపించే అనుభవజ్ఞుడే ఓడే పాత్ర తీసుకుంటాడు. శిష్యుడి స్థాయిని బట్టి వేగాన్ని, దూరాన్ని మారుస్తూ అతణ్ని ముందుకు లాగుతాడు. మొదట నేర్పే కతాలు నాలుగే. కానీ ఒక్కొక్కటీ చాలా పొడవైనది, ఊపిరి తిప్పుకోనివ్వదు. కవచధారికి కావలసిన దమ్ము అలాగే వస్తుంది.

ఇక్కడి ప్రతి కదలిక వెనుకా కవచం ఉంది. శిరస్త్రాణం పెట్టుకున్నవాడు కత్తిని నేరుగా నడినెత్తి పైకి ఎత్తలేడు. అందుకే తల పక్కగా తిప్పి తెచ్చి, నడుము బలంతో దింపే మకిఉచి అనే వేటు ఈ విద్యకు ప్రాణం. ఇనుప పలకల మీద కొట్టి లాభం లేదు కాబట్టి మణికట్టు లోపలి వైపు, చంక, మెడ, తొడ లోపలి భాగం వంటి కవచం కప్పని సందులే గురి. చూసేవారికి మాత్రం కత్తులు ఒకదాన్నొకటి తాకుతున్నట్టే కనిపిస్తుంది. నిజమైన యుద్ధంలో ఆ వేటు ప్రత్యర్థి శరీరంలో ఎక్కడ పడాలో కతాలో కావాలనే దాచారు. ఏళ్లు గడిచాక గురువు ఆ గుట్టు విప్పుతాడు. పరాయి కళ్ల నుంచి విద్యను కాపాడుకోవడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం కనబడదు.

ఒర నుంచి దూస్తూనే నరికే ఇయాయి సాధన వేరు. ఒక మోకాలు పైకి నిలిపి కూర్చుని, ఆ భంగిమ నుంచే ఎగిరి లేస్తారు. జంటకత్తులు, పొట్టికత్తి, కర్రసాము, ఈటె, పొడవాటి పిడి ఉన్న నగినత కూడా పాఠ్యక్రమంలో ఉన్నాయి. కోటల నిర్మాణం, వేగు విద్య, సైన్య వ్యూహం పై తరగతుల చదువు.

1876లో కత్తి ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించాక అనేక సంప్రదాయాలు అంతరించాయి, కొన్ని క్రీడలుగా మారాయి. వెదురు కత్తితో ఆడే కెండోలో దెబ్బకు పాయింటు ఉంటుంది. కతోరి విద్య ఆ దారి పట్టలేదు. పోటీకి ఒప్పుకోకపోవడం వల్లే యుద్ధరంగపు జ్ఞానం ఇందులో చెక్కుచెదరలేదు. చిబా ప్రభుత్వం 1960లో దీన్ని అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఇవాళ వీడియోల్లో ఈ కతాలు ఎవరైనా చూడవచ్చు. కానీ దాచిన గురి గురువు దగ్గరే ఉంది కాబట్టి, చూసి నేర్చినవారికి దక్కేది పై కదలిక మాత్రమే.