భవనాంతర రేడియో సంకేతాల కొలతలు, ప్రసరణ నమూనాలు: సరిచూపు పద్ధతిపై విమర్శ

భవనాల లోపల రేడియో సంకేతం ఎంత క్షీణిస్తుందో లెక్కగట్టడానికి పరిశోధకులు తరచుగా ఆశ్రయించేది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి పి.1238 సిఫారసు. 1.8–2 గిగాహెర్ట్‌జ్ వద్ద దూరపు గుణకం నివాసగృహానికి 28, కార్యాలయానికి 30 అని దాని పాత ప్రతుల పట్టిక చెబుతుంది. ఈ అంకెలను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు యథాతథంగా అన్వయిస్తే ఆదిలోనే చిక్కు ఎదురవుతుంది. ఆ సూత్రం ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ ఒకే భవనంలో ఉన్నప్పటిది. వైఫైకి సరిపోతుంది. ఈ పట్టణాల్లో ఇంటిలోని సెల్‌ఫోనుకు అందే సంకేతం చాలావరకు బయటి టవరుదే. గోడ దాటే నష్టానికి పి.2109 అనే వేరొక సిఫారసు ఉన్నది. అదీ భవనాలను సంప్రదాయ, ఉష్ణనిరోధక అనే రెండే తరగతులుగా చూస్తుంది. మిర్యాలగూడ రైసుమిల్లు రేకుల షెడ్డు ఈ రెండింటిలో ఎక్కడ ఇముడుతుంది? ఇనుప రేకు తరంగాన్ని తిప్పికొడుతుంది. లోపలికి చేరేది ప్రధానంగా తలుపులు, సందుల గుండానే.

ఇంతకంటె లోతైన చిక్కు కొలతలోనే ఉన్నది. గోడల నుండి ప్రతిఫలించిన తరంగాలు కలిసి, జానెడు దూరంలోనే సంకేతబలం పది డెసిబెల్‌లకు పైగా మారవచ్చు. కనుక ఒక్క బిందువు వద్ద తీసిన రీడింగు స్థానిక సగటు కాదు. 20 నుండి 40 తరంగదైర్ఘ్యాల మేర 36 నుండి 50 రీడింగులు తీయాలని విలియం లీ 1985లో ప్రతిపాదించాడు. 900 మెగాహెర్ట్‌జ్ వద్ద తరంగదైర్ఘ్యం 33 సెంటీమీటర్లు. 40 తరంగదైర్ఘ్యాలంటే 13 మీటర్లు దాటుతుంది. కోదాడలోని పన్నెండడుగుల గదిలో అంత దూరం ఎక్కడిది? లీ ప్రమాణం రోడ్డుపై కదిలే వాహనాన్ని దృష్టిలో పెట్టుకున్నది. గదిలోనైతే నేలను గడులుగా విభజించి సగటు తీయక తప్పదు. ఆ వివరం రాయని వ్యాసంలో దోషం నమూనాదో, కొలతదో పాఠకుడు తేల్చుకోలేడు.

పరికరం విషయమూ అంతే. ఎల్‌టీఈ ఫోను చూపే ఆర్‌ఎస్‌ఆర్‌పీ విలువలో సాధారణ పరిస్థితుల్లోనే ±6 డెసిబెల్‌ల తేడాను 3జీపీపీ ప్రమాణం అనుమతిస్తుంది. స్థిరదోషమైతే గుణకాన్ని అంటదు, స్థిరపదంలో కలిసిపోతుంది. అయితే రెండు పట్టణాలను రెండు ఫోన్లతో కొలిచి, వచ్చిన రెండు డెసిబెల్‌ల తేడాను నిర్మాణభేదంగా వ్యాఖ్యానించడం నిలవదు.

సూర్యాపేట ఇళ్ల రీడింగులతో కట్టిన నమూనాను అవే ఇళ్లలో సరిచూస్తే దోషం సహజంగానే చిన్నదిగా తేలుతుంది. కొన్ని రీడింగులను యాదృచ్ఛికంగా పక్కన పెట్టినా పెద్ద ప్రయోజనం లేదు. ఒకే గదిలోని రీడింగులు పరస్పర స్వతంత్రాలు కావు. పక్కన పెట్టవలసింది మొత్తం భవనాన్ని, వీలైతే పట్టణాన్నే.

అన్నింటికంటె హానికరం, రాయని రీడింగు. సంకేతం అందనిచోట పట్టికలో గడి ఖాళీగా మిగులుతుంది. దూరాన బలంగా దొరికినవి మాత్రమే లెక్కలోకి వచ్చి, గుణకం వాస్తవం కంటె తక్కువగా తేలుతుంది. ఆ బిందువుల వద్ద నష్టం కనీసం ఇంత అనే హద్దుగానైనా వాటిని గణనలో చేర్చవలసి ఉంటుంది. కిటికీ లేని మధ్యగదిలో ఫోను ఎందుకు పలకదన్న ప్రశ్నకు ఆధారం ఆ ఖాళీ గడుల్లోనే ఉన్నది.