మెదడులోని గదులు: ఒక బొమ్మపై విమర్శ

ఉన్నత పాఠశాల జీవశాస్త్ర పాఠంలో మెదడు నిలువుకోత బొమ్మ పరిచితమైనదే. నాలుగు ఖాళీలు, నడుమ సన్నని కాలువ, ఒకే వైపునకు సాగే బాణపు గుర్తులు. మస్తిష్కమేరు ద్రవం ఆ దారిన పారుతుందని కింద ఒక మాట. బొమ్మ తప్పని అనలేము. కాని దానిని చూచి విద్యార్థి ఊహించుకొనేది చాలవరకు తప్పు.

చిక్కు పేరుతోనే మొదలవుతున్నది. ఈ గదులను కొందరు కోష్ఠకాలనీ, కొందరు జఠరికలనీ రాస్తున్నారు. లాటిన్ మాటకు చిన్న పొట్ట అని అర్థం గనుక జఠరిక సరియైన అనువాదమే. అయితే గుండె పాఠం ముందే చదివిన పిల్లవాడు మెదడు గది కూడా కండరబలంతో ద్రవాన్ని నెట్టుతుందనుకుంటాడు. కోష్ఠకమనడమే మేలు.

బొమ్మ దాచేది మరొకటి. పెద్దవారిలో ఈ ద్రవం మొత్తం సుమారు 150 మిల్లీలీటర్లు. కోష్ఠకాలలో ఉండేది అందులో ఇంచుమించు 25 మాత్రమే. తక్కినది నాలుగవ కోష్ఠకపు రంధ్రాల గుండా వెలుపలికి వచ్చి, మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉంటుంది. 1,400 గ్రాముల మెదడు అందులో తేలి, 50 గ్రాముల బరువుగానే ఆనుతుంది.

ఇక ఉత్పత్తి. ద్రవం రక్తం నుండి వడకట్టబడుతుందని చెప్పి ఊరుకోవడం సగం మాటే. కోష్ఠకాలలోని కొరాయిడ్ జాలికల కణాలు శక్తిని ఖర్చుచేసి సోడియం మొదలైన లవణాలను లోనికి తోడుతాయి. ఉప్పు వెంట నీరు వస్తుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరడం చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇట్లు రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా ఊరుతుంది. అంటే మొత్తం ద్రవం రోజుకు మూడుసార్లకు పైగా మారుతున్నదన్నమాట.

బాణపు గుర్తులపై నా అభ్యంతరం ఎక్కువ. నెల్లూరు తీరాన బకింగ్‌హాం కాలువను చూచిన విద్యార్థి ఎరుగును: పోటుకు నీరు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది. ఈ ద్రవమూ గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా ముందుకూ వెనుకకూ ఊగుతుందని ఎమ్‌ఆర్‌ఐ చిత్రాలు చూపినవి. నికరంగా ముందుకు సాగేది కొంచెమే.

ఈ పోలిక అన్నిచోట్లా పనికిరాదు. పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడితే వేసవిలో సరస్సు ఎండుతుంది. మెదడులో మూడవ, నాలుగవ కోష్ఠకాల నడుమనున్న సిల్వియస్ కాలువ మూసుకుంటే జరిగేది దీనికి విరుద్ధం. ఊట లోపలనే ఉన్నది, అది ఆగదు. పై కోష్ఠకాలు ఉబ్బుతాయి. పసిబిడ్డలో కపాలపు అతుకులు ఇంకా కలిసి ఉండవు గనుక తలే పెరుగుతుంది.

మన ఇళ్లలో జలుబుకు కూడా తలలో నీరు చేరిందంటారు. ఆ నీరు, ఈ నీరు ఒకటేనని నమ్మిన తల్లి ఆవిరి పట్టి, తలకు పట్టు వేసి వారాలు గడపవచ్చును. మాడు ఉబ్బి, కనుపాపలు కిందికి వాలి, తల చుట్టుకొలత త్వరత్వరగా పెరుగుతుంటే అది జలుబు కాదు. వెంటనే వైద్యునికి చూపవలసినది. ద్రవాన్ని పొట్టలోనికి మళ్లించే గొట్టం అమర్చే శస్త్రచికిత్స ఉన్నది. ఆలస్యమైనకొద్దీ మెదడుకు కలిగే నష్టం పెరుగుతుంది. పాఠంలో ఈ రెండు వాక్యాలకు చోటు లేకపోవడం బొమ్మలోని ఏ లోపం కన్నా పెద్దది.

బొమ్మను తిరిగి గీయించేవారు మెదడు వెలుపలి ద్రవానికీ రంగు వేయించాలి. బాణాలకు రెండు వైపులా మొనలు పెట్టించాలి.