గుట్ట బాటకు కుదిరిన సైకిల్

వరంగల్, హన్మకొండ చుట్టూ తారు రోడ్డు దిగితే మూడు రకాల నేల ఎదురవుతుంది. మడికొండ మెట్టుగుట్ట లాంటి చోట్ల గరుకైన బండ. ఆ బండే కాలక్రమంలో అరిగి రాలిన ఎర్రటి మొరం. పల్లానికి దిగితే నల్లరేగడి. బండ మీద టైరు గట్టిగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఎండిన మొరం మీద అదే టైరు బేరింగు గోళీల మీద పెట్టినట్టు జారుతుంది. వానలో తడిసిన రేగడి చక్రానికి చుట్టుకుని, టైరుకూ ఫ్రేముకూ మధ్య సందులో గట్టిపడి బండిని నిలబెట్టేస్తుంది. ఈ మూడింటినీ ఒకే పూటలో దాటాల్సిన ట్రెయిల్ బైక్ దుకాణంలోంచి బయటికొచ్చే నాటికి సగమే తయారై ఉంటుంది. తొక్కే మనిషి బరువు, చేతుల పొడవు, తొక్కే తీరు, తొక్కే నేల లెక్కలోకి వచ్చాకే మిగతా సగం పూర్తవుతుంది.

ఈ రకం సైకిల్ పుట్టిందే మార్పుచేర్పుల్లోంచి. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లు కొని, అక్కర్లేని భాగాలు ఊడదీసి, గేర్లూ మంచి బ్రేకులూ బిగించి కొండ దారుల్లోకి దించేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదలైన రీప్యాక్ పోటీల్లో, వాలు దిగేసరికి వెనక హబ్ బ్రేకులోని గ్రీజు కాలి పొగలొచ్చేవి. వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండ దారి కోసమే ఒక ఫ్రేము కట్టాడు. 1989లో మొదలైన రాక్‌షాక్స్ సంస్థ ముందు ఫోర్కులో సస్పెన్షన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఉన్న బండిని నేలకు తగ్గట్టు దిద్దుకునే ఆ అలవాటే ఇప్పుడు మరలుగా, మీటలుగా బండిలోనే అమరి ఉంది.

సర్దుబాటు నేలను తాకే చోట మొదలుపెట్టి పైకి వెళ్లాలి. కాబట్టి మొదట టైరు. మన బాటల్లో టైరుకు బండకన్నా పెద్ద శత్రువు పల్లేరుకాయ. ఎటు పడినా దాని ముల్లు ఒకటి పైకే నిలుస్తుంది. తుమ్మ ముళ్లు సరేసరి. అందుకే ఇక్కడ ట్యూబు తీసేసి ట్యూబ్‌లెస్‌కు మారడం మొదటి మార్పు. రిమ్ములోని స్పోకుల రంధ్రాల మీద టేపు చుట్టి, టైరు లోపల పాల లాంటి లేటెక్స్ సీలెంటు పోస్తారు. ముల్లు గుచ్చుకున్న చోట గాలి బయటికి తోసుకొస్తూ ఆ ద్రవాన్నీ వెంట తెస్తుంది. అందులోని సన్నని రేణువులు రంధ్రంలో ఇరుక్కుంటాయి, లేటెక్స్ వాటి చుట్టూ గడ్డకడుతుంది. టైరుకు చిల్లి పెట్టే గాలే దాన్ని పూడ్చే మందును మోసుకొస్తుందన్నమాట. వరంగల్ ఎండల్లో సీలెంటు త్వరగా ఎండిపోతుంది కాబట్టి వేసవిలో మరింత తరచుగా చూసి పోసుకోవాలి.

ట్యూబు లేదంటే గాలి తగ్గించుకునే వీలు దొరికినట్టే. దాదాపు 75 కిలోల మనిషికి 2.4 అంగుళాల టైరులో ముందు 22, వెనక 25 పీఎస్ఐతో మొదలుపెట్టవచ్చు. బరువు వెనక్కే ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తేడా. గాలి తగ్గితే టైరు మొరం మీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. మరీ తగ్గితే రిమ్ము బండకు తగిలి టక్కుమంటుంది. ఆ చప్పుడు వినిపించిన చోటు నుంచి ఒకటి రెండు పీఎస్ఐ పెంచితే మన అంకె తేలుతుంది. పొద్దున 28 డిగ్రీల చల్లదనంలో 24 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నం 44 డిగ్రీలకు చేరితే సుమారు 26 చూపిస్తుంది. వేసవిలో గాలి కొట్టేటప్పుడు ఈ రెండింటి తేడానూ లెక్కలో ఉంచుకోవాలి.

టైరు లోపల చక్రం ఉంది. బండల మీద దిగాక రిమ్ము కొద్దిగా అటో ఇటో ఒరుగుతుంది. దాని బెండు తీసే పని మన వీధి సైకిల్ షాపుల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. బండిని తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పుతూ, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనిస్తారు. ఎక్కడ గీత పడితే అక్కడ రిమ్ము అటు వైపు ఒరిగినట్టు. ఆ చోట అవతలి వైపు స్పోకు నిపుల్‌ను పావు చుట్టు బిగిస్తారు, ఇవతలి దాన్ని పావు చుట్టు వదులుతారు. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పే తొందర మంచి మెకానిక్‌కు ఉండదు. ఒక స్పోకును బిగిస్తే ఆ లాగుడు పక్క స్పోకులన్నిటికీ పాకుతుందని చేతికి తెలుసు.

ఇక ఫోర్కు. ఎక్కువ ఫోర్కుల్లో ఎడమ కాలిలో గాలి, కుడి కాలిలో నూనె పని చేస్తాయి. ఎడమ గొట్టంలోని పిస్టన్‌కు పైన ఉన్న గాలి మనిషిని మోస్తుంది. పిస్టన్ కింద మరో చిన్న గాలి గది ఉంది. అది పిస్టన్‌ను పైకి నెడుతూ పై గాలి బిగువును కొంత తగ్గిస్తుంది. అది లేకపోతే చిన్న గులకరాళ్లకు ఫోర్కు స్పందించదు. సీళ్ల రాపిడిని దాటడానికే పెద్ద దెబ్బ తగలాలి. మరి పైన ఒక్క వాల్వు నుంచే గాలి కొడితే కింది గది ఎలా నిండుతుంది? గొట్టం లోపలి గోడలో, పిస్టన్ పైకి కదలడం మొదలుపెట్టే చోట, చిన్న సొట్ట ఒకటి నొక్కి ఉంచుతారు. పిస్టన్ రబ్బరు సీలు ఆ సొట్ట మీదికి రాగానే సీలుకూ గోడకూ మధ్య సన్నటి సందు తెరుచుకుంటుంది. పై గాలి ఆ సందులోంచి కిందికి జారి రెండు గదులూ సమమవుతాయి. సీలు సొట్టను దాటగానే సందు మళ్లీ మూసుకుంటుంది. విడిగా వాల్వు లేదు, తిప్పే మర లేదు. ఒక సొట్ట చాలింది. గాలి కొట్టాక ఫోర్కును మెల్లగా పదిసార్లు నొక్కమనేది ఇందుకే. నొక్కాక పంపు మీటరు ముల్లు పడిపోతే గాలి కారిందని కంగారు పడక్కర్లేదు, కింది గది నిండింది. మళ్లీ కొట్టి అంకెకు తేవాలి.

ఆ అంకెను సాగ్ చెబుతుంది. అంటే మనిషి ఎక్కగానే ఫోర్కు ఎంత కుంగాలన్నది. హెల్మెట్, నీళ్ల సంచీ సహా పెడళ్ల మీద నిలబడాలి, ఒకరు బండి పట్టుకోవాలి. 140 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కు 20 శాతం, అంటే 28 మిల్లీమీటర్లు కుంగితే ఫోర్కు కాలి మీది రబ్బరు రింగు ఆ కొలత చూపిస్తుంది. వెనక షాక్‌కు 30 శాతం దాకా ఇస్తారు. 50 మిల్లీమీటర్లు కదిలే షాక్ 15 కుంగితే, 130 మిల్లీమీటర్లు కదిలే చక్రం దాదాపు 39 కదిలినట్టు. ఇలా ముందే కుంగి ఉంటేనే చక్రం గుంతలోకి దిగి నేలను వదలకుండా ఉంటుంది. సాగ్ సరిగ్గా ఉన్నా పెద్ద బండ దిగినప్పుడు ఫోర్కు అడుగంటుతుంటే, గాలి పెంచకుండా, ఉన్న గాలి తీసేసి పై మూత విప్పి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి లోపల వేస్తారు. గాలి గది చిన్నదవుతుంది కాబట్టి చివరి అంచెలో బిగువు వేగంగా పెరుగుతుంది. మొదటి మెత్తదనం దాదాపు అలాగే ఉంటుంది.

కుంగిన ఫోర్కు ఎంత వేగంగా లేవాలో కుడి కాలి నూనె చూసుకుంటుంది. అడుగున ఉన్న రీబౌండ్ నాబ్ తిప్పితే నూనె పారే దారి సన్నబడుతుంది, లేదా వెడల్పవుతుంది. దారి మరీ వెడల్పయితే ఫోర్కు ఎగదన్ని చేతుల్ని విసిరేస్తుంది. మరీ సన్నబడితే వరస రాళ్ల మీద ఒకదాని దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలి, ఫోర్కు కుంగుతూ కుంగుతూ రాయిలా గట్టిపడిపోతుంది. బరువైన మనిషి ఎక్కువ గాలి వాడతాడు కాబట్టి అతనికి నూనె దారి కొంచెం సన్నగా ఉండాలి. గాలి మార్చినప్పుడల్లా రీబౌండ్ కూడా చూసుకోవాలనేది ఇందుకే.

తర్వాత బ్రేకులు. బ్రేకు మీటను హ్యాండిల్ మీద లోపలికి జరిపి బిగిస్తే చూపుడు వేలు మీట కొసను పట్టుకుంటుంది. కొసకు వెళ్లేకొద్దీ మీట బలం పెరుగుతుంది, ఒక్క వేలే చాలుతుంది. మిగతా వేళ్లు హ్యాండిల్‌ను వదలవు. చేయి చిన్నదైతే రీచ్ స్క్రూ తిప్పి మీటను దగ్గరికి తెచ్చుకోవచ్చు. డిస్కు ప్యాడ్లకు రాసుకుంటుంటే కాలిపర్ రెండు బోల్టులూ వదిలి, మీట నొక్కి పట్టుకుని మళ్లీ బిగించాలి. కాలిపర్ తన చోటు తానే వెతుక్కుంటుంది. కొత్త ప్యాడ్లు వేశాక వేగం పెంచి తగ్గిస్తూ చాలాసార్లు బ్రేకు వేస్తే ప్యాడు పదార్థం పల్చటి పొరగా డిస్కు మీద పరుచుకుంటుంది. అసలు పట్టు ఆ పొరదే.

గేర్ల దగ్గర లెక్క సూటిగా ఉంటుంది. ముందు 32 పళ్లు, వెనక 51 పళ్లు ఉంటే, 2.3 మీటర్ల చుట్టుకొలత చక్రం పెడల్ ఒక పూర్తి చుట్టుకు 1.44 మీటర్లు పోతుంది. ముందు 30 పళ్ల చక్రం వేసుకుంటే 1.35 మీటర్లే. మొరం ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తొమ్మిది సెంటీమీటర్ల తగ్గుదల కాళ్లకు తెలుస్తుంది. గొలుసు పక్క గేరు పళ్ల మీద గీరుతుంటే బ్యారెల్ అడ్జస్టర్‌ను అర చుట్టు తిప్పి, వినాలి. చప్పుడు ఆగే చోట కేబులు బిగువు కుదిరినట్టు.

చివరగా ఒళ్లు బండిని తాకే చోట్లు. అడుగుకు దిగిన పెడల్ మీద మడమ పెట్టినప్పుడు కాలు పూర్తిగా చాచుకుంటే సీటు ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. దిగువకు వెళ్లేటప్పుడు డ్రాపర్ పోస్టు బొటనవేలి మీటతో సీటును కిందికి దించుతుంది, ఒళ్లు వెనక్కి వంచడానికి చోటు దొరుకుతుంది. హ్యాండిల్ వెడల్పయితే రెండు వైపులా ఐదేసి మిల్లీమీటర్లు చొప్పున కోసి చూడాలి, కోసింది మళ్లీ అతకదు కదా.

ఒక్కోసారి ఒక్కటే మార్చి, అదే బాట మళ్లీ తొక్కి, అంకె రాసిపెట్టుకుంటే కొన్ని వారాలకు బండి కుదురుతుంది. అప్పుడు దాన్ని 55 కిలోల పొట్టి స్నేహితుడికి ఇచ్చి చూడండి. ఫోర్కు సరిపడా కుంగదు, మీట వేలికి అందదు, సీటు ఎత్తుగా ఉంటుంది, గులకరాళ్ల మీద చక్రం ఎగురుతుంది. వేలల్లో తయారైన ఒక ఫ్రేము, కొన్ని చుట్లు, కొన్ని పీఎస్ఐల తేడాతో ఒక్క మనిషికీ ఒక్క నేలకూ అంత కచ్చితంగా అమరిపోయింది మరి.