అద్దం తిప్పే చేతులు

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి గచ్చిబౌలి దాకా వెళ్తే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకన్ లేజర్లతో పరిశోధన చేసేవాళ్లుంటారు. వాళ్ల పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది లేజర్ కాంతిని మళ్లించే అద్దాలు సరిచేయడం. ముందు ఉంగరం, చేతిగడియారం తీసి పక్కన పెట్టాలి. కాంతి వాటి మీద పడి కంట్లోకి మళ్లితే చూపే పోవచ్చు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, అద్దం వెనక మరను మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతారు. వెంట్రుకవాసి కూడా ఇక్కడ పెద్ద కొలతే! అద్దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే, కాంతి రానూపోనూ 30 మైక్రాన్లు ఎక్కువ నడిచి 100 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సెకనును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెమ్టోసెకను.

ఈ లేజర్ కాంతి పల్స్‌లుగా, అంటే అతి చిన్న మెరుపులుగా వస్తుంది. మొదటి పల్స్ అణువును కదిలిస్తుంది, అద్దం వల్ల ఆలస్యంగా వచ్చే రెండోది ఆ కంపనాన్ని పట్టి చూపిస్తుంది. ఇంకొకటి అదను చూసి పంపితే ఉయ్యాల ఊపినట్టే: ఊగేవైపు తోస్తే జోరు పెరుగుతుంది, ఎదురు తోస్తే తగ్గుతుంది. ఇలాంటి పల్స్‌లతో రసాయన చర్యలను గమనించినందుకే 1999లో శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్‌కు నోబెల్ వచ్చింది.

మీ ఇంట్లో గడియారమో మోటారో విప్పి, ఓపిగ్గా మళ్లీ బిగించే పిల్లలుంటే వాళ్లకు ఈ పని గురించి చెప్పండి.