కళ ఒకరికి, దురాచారం ఒకరికి: ఆటపాటల స్త్రీల మీద వచ్చిన పుస్తకాలు

ఆటనూ పాటనూ బతుకుదెరువు చేసుకున్న స్త్రీల గురించి తెలుగులోనూ, తెలుగువాళ్ల గురించి ఇంగ్లీషులోనూ గత మూడు నాలుగు దశాబ్దాల్లో చాలా పుస్తకాలు వచ్చాయి. అవి రావాల్సినవే, ఆలస్యంగా వచ్చాయి కూడా. అయితే వీటన్నిటినీ ఒక్కచోట పెట్టి చూస్తే ఒక విభజన కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గుడిలో, రాజాస్థానంలో, జమీందారు ఇంటి కచేరీలో ఆడి పాడిన స్త్రీ మీద వచ్చిన పుస్తకం 'కళ' అల్మారాలోకి పోతది. మాదిగవాడ నుంచి వచ్చి ఊరి నడిబొడ్డున ఆడిన స్త్రీ మీద వచ్చిన పుస్తకం 'సాంఘిక దురాచారం' అల్మారాలోకి పోతది. ఒకామెకు పేరు, గురువు, రాగం, తాళం ఉంటాయి. ఇంకొకామెకు వయసు, కులం, పునరావాసం మాత్రమే ఉంటాయి. ఈ అల్మారాలు సర్దిందెవరనేది ఇక్కడ ప్రశ్న.

మొదట కళ అల్మారా చూద్దాం. 18వ శతాబ్దపు తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించింది. మరుసటి ఏడు బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది. సూసీ తారూ, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ఈ కథతోనే మొదలవుతుంది. 2007లో వి. శ్రీరామ్ నాగరత్నమ్మ జీవితచరిత్ర రాశారు. 2012లో దవేశ్ సోనెజీ దేవదాసీ, కళావంతుల స్త్రీల జ్ఞాపకాలతో పెద్ద పరిశోధన గ్రంథమే తెచ్చారు. సంస్కరణ పేరు మీద ఈ స్త్రీల విద్యనూ, బతుకునూ ఎట్లా ఊడలాక్కున్నారో ఈ పుస్తకాలు చెప్పినయి. కళావంతుల స్త్రీలు కులం చేతా, మగవాళ్ల చేతా దెబ్బతిన్నవాళ్లే. వాళ్లకు దక్కిన గౌరవాన్ని చూసి కడుపుమంట పడాల్సిన పని మనకు లేదు.

ఇక రెండో అల్మారా. వీపనగండ్ల వైపు నుంచి చూస్తే ఇది చాలా దగ్గరి విషయం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే 2016 తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల జిల్లాలుగా విడిపోయిన ఈ నేలలో, దళిత ఆడపిల్లను దేవత పేరు మీద ఊరికి వదిలే ఆచారాన్ని జోగిని అన్నారు. కృష్ణ దాటి రాయలసీమకు పోతే బసివి అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. పేర్లు వేరు, పిల్ల మాత్రం మన వాడ పిల్లే. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. జోగిని జాతరలో దేవత ముందు ఆడింది, శవయాత్ర ముందు ఆడింది. ఆ ఆట ఎవరు నేర్పారు, అడుగు ఎట్లా పడుతుంది, డప్పు దెబ్బకూ ఆమె కాలికీ ఉన్న లెక్క ఏమిటి అని సర్వేలూ రిపోర్టులూ అడగవు. ఇదే నేల మీద గద్వాల సంస్థానాన్ని 'విద్వద్గద్వాల' అని పొగిడారు. పండితులెవరు, వాళ్లకేం బహుమానాలు ముట్టినయి అనేది పేరుపేరునా రాసుకున్నారు. అదే కాలంలో దేవత ముందు ఆడిన మన ఆడవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

కూచిపూడిని, చిందును పక్కపక్కన పెడితే తేడా ఇంకా తేటగా తెలుస్తది. కూచిపూడి భాగవతంలో తరతరాలుగా ఆడవాళ్లను గజ్జె కట్టనియ్యలేదు. బ్రాహ్మణ మగవాళ్లే సత్యభామలయ్యారు. ఈ స్త్రీవేషం మీద హర్షిత మృత్తింటి కామత్ 2019లో ఒక గ్రంథం రాశారు. బ్రాహ్మణ పురుషత్వం ఆ వేషం మీద ఎట్లా నిలబడిందో, అది ఎట్లా సడలుతున్నదో ఆమె విమర్శనాత్మకంగానే విప్పిచెప్పారు. మంచి పుస్తకం. కానీ మాదిగలకు ఆశ్రితులైన చిందువాళ్లలో ఆడవాళ్లు ఎప్పటినుంచో గజ్జె కట్టారు. ఆడవేషంతో ఆగలేదు, మగవేషమూ కట్టారు. మగవాడు ఆడదైతే అది అభినయ కౌశలం. దళిత స్త్రీ రాజు వేషం కట్టి కత్తి దూస్తే మాత్రం దానికి పేరు లేదు. చిందు స్త్రీల మగవేషం మీద అంతటి గ్రంథం ఎందుకు రాలేదని విశ్వవిద్యాలయాలను అడగాలె.

ప్రభుత్వ గౌరవాల్లోనూ ఇదే వరస. 2022లో నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో బుర్రవీణ దాసరి కొండప్పకు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు వచ్చింది. మనం సంతోషించాల్సిన సంగతులే. 2022లోనే తెలంగాణ నుంచి కళల కింద పద్మశ్రీ అందుకున్న స్త్రీ పద్మజారెడ్డి కూచిపూడి కళాకారిణి. ఆమె ప్రతిభ మీద ఇక్కడ చర్చ లేదు. అట్టడుగు కళకు గౌరవమొస్తే మగవాడి చేతికి, స్త్రీకి గౌరవమొస్తే శాస్త్రీయ కళకు పోవడం గమనించాలె. ఈ రెండు లెక్కల మధ్య దళిత కళాకారిణి జారిపోతున్నది. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ 2005లో పద్మం లేకుండానే కన్నుమూసింది.

ఇక్కడ మన శిబిరంలోంచే ఒక అభ్యంతరం వస్తది. 'అది కళ కాదు, బానిసత్వం. దాన్ని పొగిడితే మళ్లీ ఆ రొంపిలోకే తోసినట్టు కాదా?' అని. ఈ అభ్యంతరం బరువైనది. 1936 జూన్‌లో బొంబాయిలో దేవదాసీ, మురళి, జోగ్తిణి స్త్రీల సభలో అంబేడ్కర్ ఆ అవమానపు బతుకును వదిలేసి రమ్మని కచ్చితంగానే చెప్పాడు. అందులో రాజీ లేదు. ఈ చిక్కుముడిని తప్పించుకోకుండా పట్టుకున్న పుస్తకం మరాఠీ తమాషా మీద శైలజా పైక్ 2022లో తెచ్చిన గ్రంథం. పఠ్ఠే బాపూరావు అనే బ్రాహ్మణ కవికి కీర్తి దక్కింది, ఆయన పాటలకు ప్రాణం పోసి ఆడిన మహార్ స్త్రీ పవళాబాయికి మరుపు మిగిలింది. పైక్ ఆ పవళాబాయిని వెతికి ముందుకు తెస్తుంది. తమాషా స్త్రీ మీద వేసిన 'అశ్లీల' ముద్ర కులం తయారుచేసిందేనని చెప్తూనే, అంబేడ్కర్ ఉద్యమం మనిషితనం కోసం తమాషాను ఎందుకు దూరం పెట్టిందో కూడా విడమరుస్తుంది. బందీఖానాను అందంగా చూపదు, బందీలో ఉన్నామె నేర్పునూ కొట్టెయ్యదు. తెలుగులో మనకు కావల్సింది ఇటువంటి చూపే.

మన సాహిత్యం ఈ పని ఎంతవరకు చేసింది? 2000లో వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' దళిత కళల చరిత్రను తిరగరాసిన నవల. ఉరుము, వీధి నాటకం, పాట అంటరానివాళ్ల సొత్తని ఎల్లన్న ద్వారా లోకానికి చూపించింది. అయితే అందులో ఆడేదీ పాడేదీ కట్టు కట్టేదీ ఎల్లన్న. సుభద్ర పార పట్టి నీళ్ల కోసం నిలబడ్డ ధీర. ఆమెను మనం మరిచిపోలేం. కానీ రంగస్థలం మాత్రం మగవాడిదే అయింది. గోగు శ్యామల కథల్లో బిడ్డను జోగిని కాకుండా కాపాడి చదువుకు పంపే తండ్రి ఉన్నాడు. ఆ కథ ఊరి దొరతనాన్ని నిలబెట్టి కడిగింది. దాటిపోయిన బిడ్డ కథ అది. దాటలేక ఆడుతూ ఉండిపోయిన స్త్రీ, ఆటలో తనకంటూ ఏదో దొరకబుచ్చుకున్న స్త్రీ ఇంకా కథ కావాల్సే ఉన్నది.

అందుకే చిందుల ఎల్లమ్మ ఆత్మకథకు విలువ. ఆమె నోటితో చెప్పుకున్న బతుకు కె. ముత్యం కథనంతో పుస్తకమైంది. ఇందులో కళాకారిణి 'నేను' అంటున్నది. సర్వే ఫారంలో 'ఆమె'గా ఉన్న మనిషి ఇక్కడ మాట్లాడే మనిషి అయింది. అయినా ఒక ప్రశ్న మిగులుతది. చెప్పింది ఆమె, కాగితం మీద కూర్చింది ఇంకొకరు. నోటి కథ పుస్తకమయ్యే దారిలో ఏ మాటలు నిలిచినయి, ఏవి రాలిపోయినయి? చిందు ఆట చూపులో, కాలిలో, గొంతు తిప్పడంలో ఉంటది. దాన్ని అక్షరంలోకి తేవాలంటే రాసేవాడికి ఆట తెలియాలె. ఇటువంటి పుస్తకాలు పదులకొద్దీ రావాలె, రాసేవాళ్లు ఆ కులాల ఆడపిల్లలే కావాలె.

పిల్లల పుస్తకాల సంగతికొస్తే పరిస్థితి ఇంకా అధ్వాన్నం. అన్వేషి సంస్థ చొరవతో 2008లో వచ్చిన పిల్లల కథల వరుసలో గోగు శ్యామల దళిత పిల్లనే నాయికను చేసింది. బీదతనం మీద జాలి పుట్టించకుండా, పిల్ల తెలివినీ ధైర్యాన్నీ నిలబెట్టింది. అంటే పిల్లలకు ఇవి చెప్పలేమనేది సాకు మాత్రమే. అదే దారిలో గజ్జె కట్టిన అవ్వ కథ ఎందుకు రాదు? చిన్నపిల్లలకు బొమ్మలతో వేషం, రంగు, తాళం చెప్పొచ్చు. హైస్కూలు పిల్లలకు ఆ అవ్వను ఎవరు ఆడించారో, ఆడినందుకు ఏమిచ్చారో, ఎక్కడ కూర్చోబెట్టారో చెప్పొచ్చు. పెద్దలకు చట్టమూ చరిత్రా చెప్పొచ్చు. మనిషి ఒకతే, చదివే వయసును బట్టి చెప్పే లోతు మారుతది.

ఈ పని పైనుంచి వస్తదని కూచుంటే రాదు. వీపనగండ్ల లాంటి మండలంలో టీచర్లు, విద్యార్థి సంఘాల వాళ్లు ఒక్క నోటుబుక్కుతో మొదలుపెట్టొచ్చు. ఆడిన, పాడిన అవ్వల దగ్గరికి పోయి, వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్లు చెప్పొద్దన్నది రాయకుండా, ముందు ఆట గురించి అడగాలె: ఎవరు నేర్పారు, ఏ వేషం ఇష్టం, ఏ పాట ఇంకా యాదికున్నది. 'నిన్నెప్పుడు వదిలిండ్రు' అనేది మొదటి ప్రశ్న కావద్దు. రాసింది వాళ్లకే చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే అచ్చుకు పంపాలె. పుస్తకం మీద మొదటి పేరు చెప్పినామెది ఉండాలె, వచ్చిన పైసలో ఆమెకు వాటా పోవాలె.