అతుకు కనబడని డిగ్రీ

సైన్సులో ఎమ్మెస్సీ చేసి, ఆపైన రెండేళ్లు ఎంబీఏ కూడా చదివినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ రెండు చదువులూ ఒకే మనిషిలో ఉంటాయి కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. బ్యాలెన్స్ షీటు నేర్పే మేష్టారికి స్పెక్ట్రోస్కోపీ తెలియదు. స్పెక్ట్రోస్కోపీ నేర్పిన మేష్టారికి బ్యాలెన్స్ షీటుతో పని పడలేదు. రెంటినీ కలుపుకునే భారమంతా విద్యార్థి నెత్తిన పడుతుంది. ఆ భారం సిలబస్సే మోయాలని కొన్ని విశ్వవిద్యాలయాలు పట్టుబట్టి, సైన్సు ఎమ్మెస్సీ లోపలే వ్యాపారాన్ని ఒక స్పెషలైజేషన్‌గా అమర్చాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఖగోళశాస్త్రం చదివే కుర్రవాడు కూడా బిజినెస్ స్టడీస్ ఎంచుకోవచ్చు. ఇలాంటి అమరికల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అమెరికాలో ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానిది. అక్కడి ఫిజిక్స్ ప్రొఫెసర్ సైరస్ టేలర్ చొరవతో 2000లో ఫిజిక్స్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ప్రోగ్రాం మొదలైంది. చేతికి వచ్చేది ఫిజిక్స్ మాస్టర్స్ డిగ్రీయే. చదివే రెండేళ్లలో కంపెనీ పెట్టడం కూడా పాఠ్యాంశమే. తర్వాత ఇదే పద్ధతి అక్కడి కెమిస్ట్రీ, బయాలజీ విభాగాలకూ పాకింది.

ఈ ఆలోచన ఆ ఊళ్లో పుట్టడానికి కారణముంది. 1887లో, ఈ విశ్వవిద్యాలయానికి పూర్వరూపమైన కేస్ స్కూల్‌లో పనిచేసే మైకెల్సన్, పొరుగునే ఉన్న వెస్టర్న్ రిజర్వ్‌లో కెమిస్ట్రీ చెప్పే మోర్లీ కలిసి, పాదరసం మీద తేలే రాతిపలకకు అద్దాలు బిగించి, కాంతిని మోస్తుందని అప్పట్లో నమ్మిన ఈథర్ జాడ కోసం వెతికింది ఇక్కడే. జాడ దొరకలేదు. దొరకలేదన్న సంగతినే ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. భౌతికశాస్త్ర చరిత్రలో అంతటి ఫలవంతమైన వైఫల్యం మరొకటి కనబడదు. ఆ మరుసటి ఏడే, 1888లో, హెర్బర్ట్ డౌ అనే విద్యార్థి కేస్ స్కూల్ నుంచి పట్టా పుచ్చుకున్నాడు. ఉప్పునీటి ఊటల్లోంచి బ్రోమిన్‌ను విద్యుత్తుతో విడదీసి, గాలి ఊది బయటికి రాబట్టే పద్ధతి అతనిది. 1897లో డౌ కెమికల్ కంపెనీ పెట్టాడు.

డౌ గురించి ఒక కథ అమెరికా వ్యాపార చరిత్రల్లో తరచూ వస్తుంది. జర్మన్ కంపెనీలు జట్టుకట్టి బ్రోమిన్‌ను పౌను 49 సెంట్లకు అమ్ముతుంటే, డౌ 36 సెంట్లకే విదేశాల్లో అమ్మడం మొదలుపెట్టాడు. అతన్ని దెబ్బతీయాలని వాళ్లు అమెరికాలోనే 15 సెంట్లకు కుమ్మరించారు. డౌ తన సరుకు అమ్మడం ఆపి, వాళ్ల సరుకే గుట్టుచప్పుడు కాకుండా కొనిపించి, మళ్లీ జర్మనీకి పంపి 27 సెంట్లకు అమ్మాడు. ఉప్పునీటి రసాయనం తెలిసినవాడికి ఖర్చు అడుగంటా తెలుస్తుంది. తన పద్ధతిలో పౌను బ్రోమిన్‌కు ఎంత పడుతుందో తెలిసినవాడే, 15 సెంట్ల ధర నిజమైన ధర కాదని కూడా చెప్పగలడు. డౌ విజయంలో రసాయనం ఎంతో, వ్యాపారం ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. అతని సహాధ్యాయి ఆల్బర్ట్ స్మిత్ కేస్ స్కూల్‌లోనే కెమిస్ట్రీ ప్రొఫెసరయ్యాడు. ఆ ప్రొఫెసరు కొడుకులు 1928లో పెట్టినదే, తర్వాత లుబ్రిజాల్‌గా పేరుపడ్డ కంపెనీ. ఇలాంటి మనుషులు అదృష్టం కొద్దీ ఎప్పుడో పుట్టుకొచ్చే బదులు, చదువులోంచే రావాలన్న కోరిక ఆ ఆవరణలో కలగడం సహజం.

ఇక పనితనం సంగతి. ద్వారబంధానికి మేకు కొట్టి చెక్కలు కలపడం ఒక పద్ధతి. కుసి చెక్కి బెజ్జంలో దించడం మరో పద్ధతి. చాలా చోట్ల సైన్సు కోర్సు పక్కన రెండు మేనేజ్‌మెంట్ పేపర్లు పెట్టి మేకు కొట్టేస్తారు. కేస్‌లో కుసి ఎక్కడ దించారో చూడాలంటే ‘మోడర్న్ ఫిజిక్స్ ఫర్ ఇన్నొవేషన్’ అనే రెండు సెమిస్టర్ల కోర్సు చూడాలి. ఇది వ్యాపారం మాట్లాడే కోర్సే, అయినా ఫిజిక్స్ విభాగమే చెబుతుంది. ఇప్పుడున్న ఏ సాంకేతికతకైనా ప్రకృతి గీసిన హద్దు ఎక్కడుంది? ఆ హద్దు లోపల ఇంకా మెరుగుపరచడానికి చోటుందా, లేక దారే మార్చాలా? కోర్సు మొత్తం ఈ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. నెగ్గిన కంపెనీల కేసులతో పాటు మునిగిన కంపెనీల కేసులనూ చదివిస్తారు. సిలబస్ రాసినవాళ్లు ఆ రెండో మాట చేర్చడం నాకు అపురూపంగా తోస్తుంది. మైకెల్సన్, మోర్లీల ఊళ్లో అది చేర్చకపోతేనే వింత.

ప్రకృతి గీసిన హద్దు ఎక్కడన్న ఆ ప్రశ్న ఎంత పదునైనదో చెప్పడానికి క్లీవ్‌లాండ్ నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. 1879లో చార్ల్స్ బ్రష్ ఆర్క్ దీపాలతో నగరం నడిబొడ్డున ఉన్న పబ్లిక్ స్క్వేర్‌ను వెలిగించాడు. ఆ తర్వాత ఊరి పక్కనే నీలా పార్క్‌లో జనరల్ ఎలక్ట్రిక్ వారి దీపాల పరిశోధన దశాబ్దాల పాటు సాగింది. మనందరి ఇళ్లలో వెలిగిన టంగ్‌స్టన్ బల్బునే తీసుకుందాం. తీగ సుమారు 2,800 కెల్విన్ల దగ్గర వెలుగుతుంది. ఆ వేడి దగ్గర, ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు వస్తుందో చూపే ప్లాంక్ వక్రరేఖ శిఖరం ఒక మైక్రోమీటరు దాటి పరారుణంలో పడుతుంది. అంటే మనం కట్టే కరెంటు బిల్లులో సింహభాగం కంటికి కనబడని వేడికే పోతుంది. శిఖరాన్ని కనిపించే కాంతి నడిమికి తేవాలంటే తీగను దాదాపు సూర్యుడి ఉపరితలమంత వేడి చేయాలి. లోహాలన్నిటిలో చివరగా కరిగే టంగ్‌స్టన్ కూడా 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది.

ఇది ఫిజిక్స్ విద్యార్థికి ఒక హోంవర్కు లెక్క. వ్యాపారికి అదే లెక్క జాతకం. హాలోజన్ వాయువు నింపితే కాస్త మెరుగవుతుందే తప్ప ఆ గోడ దాటడం కుదరదు. దాటాలంటే వేడితో పనిలేని వెలుగు కావాలి, అంటే సెమీకండక్టర్ కావాలి. అకసాకి, అమానో, నకమురా నీలిరంగు ఎల్ఈడీని సాధించాక బల్బు కథ ముగింపుకొచ్చింది. ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. ఏ మార్కెట్ సర్వే అవసరం లేకుండా, టంగ్‌స్టన్ బల్బు ఫ్యాక్టరీలో కొత్తగా డబ్బు పెట్టడం ఎంతవరకు తెలివైన పనో ప్లాంక్ 1900లో రాసిన సూత్రం చెప్పగలదు. ఈ చూపు ఎంబీఏ తరగతిలో దొరకదు. మామూలు ఎమ్మెస్సీ తరగతిలోనూ దొరకదు, ఎందుకంటే అక్కడ లెక్క శిఖరం దగ్గర ఆగిపోతుంది, ఫ్యాక్టరీ దాకా రాదు.

వ్యాపారం వైపు నుంచి వచ్చే పాఠాలు కూడా సైన్సు విద్యార్థికి పరాయివి కావు. ముందు ముందు వచ్చే డబ్బుకు ఇవాళ విలువ కట్టే లెక్క ఉంది. ఏడాదికి 10 శాతం డిస్కౌంట్ రేటుతో లెక్కిస్తే, సుమారు 7.3 ఏళ్లకు విలువ సగమవుతుంది. రేడియోధార్మిక క్షయం చదివినవాడికి ఇది అర్ధాయువే. పదిహేనేళ్లకు వచ్చే రూపాయి ఇవాళ పావలా కూడా చేయదు. కొత్త మందు కనిపెట్టే కంపెనీలు ఆలస్యానికి ఎందుకంత భయపడతాయో ఆ ఒక్క ముక్కలో అర్థమవుతుంది. అలాగే 1936లో టి.పి. రైట్ విమానాల తయారీని పరిశీలించి, అప్పటిదాకా తయారైన మొత్తం రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఒకే నిష్పత్తిలో తగ్గుతోందని చూపించాడు. లాగ్-లాగ్ కాగితం మీద అది సరళరేఖ. సోలార్ పలకల ధరలు పడిపోయిన తీరు కూడా దాదాపు ఆ బాటనే నడిచింది.

పేటెంట్ల పాఠం దగ్గర మాత్రం సైన్సు అలవాటుకు గట్టి దెబ్బ తగులుతుంది. ప్రయోగశాలలో పెరిగినవాడికి ఫలితం రాగానే పేపరు పంపాలన్న ఆత్రం ఉంటుంది. యూరప్‌లో అలా ముందు అచ్చు వేసుకుంటే పేటెంటు దాదాపు పోయినట్టే. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. దరఖాస్తు ముందు, పేపరు తర్వాత. ఈ చిన్న వరుసక్రమం తెలియక చేజారిన ఆవిష్కరణలు లెక్కలేనన్ని ఉంటాయి. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనలో పుట్టిన ఆవిష్కరణల మీద హక్కు విశ్వవిద్యాలయమే ఉంచుకోవచ్చని అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం చెప్పింది. ఫిజిక్స్ విభాగం గడపలోకి వ్యాపారం రావడానికి తలుపు తీసినవాటిలో ఆ చట్టం ముఖ్యమైనది.

ఇంతవరకూ అమరిక సొగసుగా ఉంది. అయితే ఎలక్ట్రాన్ మనసు మార్చుకోదు, కొనేవాడు మార్చుకుంటాడు. సమీకరణాలు ఎంత బాగా కుదిరినా, ఆ పరికరం ఎవరికి కావాలన్న ప్రశ్నకు జవాబు బల్ల దగ్గర కూర్చుంటే దొరకదు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ శిక్షణలో శాస్త్రవేత్తల జట్లు ఏడు వారాల్లో కనీసం వందమందిని కలిసి మాట్లాడాలన్న నియమం అందుకే పుట్టింది. కేస్‌లో ఈ పనిని థీసిస్‌కు అప్పజెప్పారు. విద్యార్థి సొంత కంపెనీ మొదలుపెట్టాలి, లేదా నడుస్తున్న కంపెనీలో చేరి అక్కడి అసలైన సమస్య మీద పనిచేయాలి. ఆ అనుభవమే థీసిస్‌గా రాయాలి.

ఇక్కడే నాకు ఈ ప్రోగ్రాం మీద మమకారం పెరుగుతుంది. అదే కాలంలో అమెరికాలో మరో ఉద్యమం సాగింది. 1997 నుంచి ఆల్ఫ్రెడ్ పి. స్లోన్ ఫౌండేషన్ ప్రొఫెషనల్ సైన్స్ మాస్టర్స్ పేరుతో డిగ్రీలను ప్రోత్సహించింది. పాఠాల్లో ఎక్కువ భాగం సైన్సే, వాటితో పాటు వ్యాపార నైపుణ్యాలు, ఇంటర్న్‌షిప్, ఉద్యోగాలిచ్చే కంపెనీల సలహా మండలి ఉంటాయి. అదే 1997లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో వెలసిన కెక్ గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ థీసిస్‌ను పక్కనపెట్టి, విద్యార్థుల బృందాలు కంపెనీలు ఇచ్చిన సమస్యను ఏడాదిపాటు పరిష్కరించే ప్రాజెక్టును దాని స్థానంలో పెట్టింది. అది మంచి పద్ధతే. బృందంతో నెగ్గుకురావడం అక్కడే బాగా వస్తుంది. కానీ ఒక్కడే కూర్చుని, తన కంపెనీ ఎందుకు నిలుస్తుందో, ఎందుకు నిలవదో ఆధారాలతో రాసి, ఫిజిక్స్ ప్రొఫెసర్ల ముందు నిలబడి సమర్థించుకోవడం వేరు. పెట్టుబడిదారుడికి చూపించే స్లైడ్లలో ఆశ ఎక్కువుండవచ్చు, థీసిస్‌లో కుదరదు. కొలతలో ఎంత తేడా రావచ్చో రాయాల్సిందే. వ్యాపారానికి సైన్సు ఇవ్వగలిగిన గొప్ప కానుక ఆ నిజాయితీయే అని నా నమ్మకం.

లోటు లేదని అనను. రెండేళ్లలో ఇన్ని ఇమిడ్చితే పైస్థాయి క్వాంటం, స్టాటిస్టికల్ మెకానిక్స్ లాంటి పేపర్లకు దొరికే చోటు తగ్గక తప్పదు. పీహెచ్‌డీ మీద మనసున్న పిల్లలకు ఈ దారి సూచించను. ప్రయోగశాల నుంచి బజారు దాకా ఒకే చేత్తో పట్టుకు నడవాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకన్నా శ్రద్ధగా అల్లిన పాఠ్యక్రమం నేను చూడలేదు.

తెలుగు నేల మీద ఈ చదువు అక్కరలేదని ఎవరంటారు? ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మన పిల్లలు ఏటా హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో చేరుతున్నారు. రియాక్టర్ దగ్గర నిలబడి దిగుబడి ఎంత వచ్చిందో చెప్పగలరు. ఆ అణువు పేటెంటు ఎప్పుడు తీరుతుందో, ఏ మోతాదుకు ఎవరు ముందు దరఖాస్తు చేశారో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో కెమిస్ట్రీ విభాగం ‘మోడర్న్ కెమిస్ట్రీ ఫర్ ఇన్నొవేషన్’ అని ఒక కోర్సు పెడితే, కేసుల కోసం అమెరికా వెళ్లక్కరలేదు. హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఒక్కదాని చరిత్రలోనే ఒక గెలుపు, ఒక ఓటమి పక్కపక్కనే దొరుకుతాయి.

గెలుపు ఫ్లూఆక్సెటిన్‌ది. నిరాశ, దిగులు జబ్బుకు వాడే ఈ మందును ఎలీ లిల్లీ ప్రోజాక్ పేరుతో అమ్మేది. పేటెంటును సవాలు చేసి ముందుగా దరఖాస్తు చేసిన జెనరిక్ కంపెనీకి 180 రోజుల ప్రత్యేక హక్కు ఇచ్చే ఏర్పాటు అమెరికాలో 1984 చట్టం నుంచి ఉంది. ఎక్కువగా అమ్ముడయ్యే 20 మిల్లీగ్రాముల గుళిక మీద ఆ హక్కు బార్ అనే అమెరికా కంపెనీకి దక్కింది. 40 మిల్లీగ్రాముల గుళిక మీద హైదరాబాద్ కంపెనీ ముందుంది. 2001 ఆగస్టులో దాన్ని మార్కెట్లోకి తెచ్చి, అలాంటి హక్కు పొందిన మొదటి భారతీయ కంపెనీ అయింది. రెండు గుళికల్లో ఉన్నది ఒకే అణువు. గెలిపించింది మోతాదు ఎంపిక, దరఖాస్తు తేదీ.

ఓటమి రాగాగ్లిటజార్‌ది. మధుమేహానికి అదే కంపెనీ సొంతంగా కనిపెట్టిన అణువు. 1998లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ దాన్ని లైసెన్సు తీసుకుంది. భారతీయ కంపెనీ సృష్టించిన అణువును విదేశీ కంపెనీ డబ్బిచ్చి తీసుకోవడం అప్పటికి కొత్త. మనుషుల మీద పరీక్షలు చాలా దూరం వెళ్లాక, ఎలుకల్లో మూత్రాశయపు కణుతులు కనిపించి 2002లో పని ఆగిపోయింది. విద్యార్థి ముందు ఈ కేసు పెట్టి అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. దీర్ఘకాలిక జంతు పరీక్షల ఫలితాలు మానవ పరీక్షల కన్నా ఆలస్యంగా ఎందుకు వస్తాయి? ఆ ఆలస్యానికి ధర ఎవరు చెల్లించారు? లైసెన్సు ఒప్పందంలో డబ్బు ఏ దశలో చేతులు మారేలా రాసుకుంటే చిన్న కంపెనీ నష్టం తగ్గుతుంది? మందుల పరీక్షలు నడిచే తీరు తెలియనివాడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పలేడు. ఒప్పందం చదవడం రానివాడు చివరిదానికి చెప్పలేడు.