దోరకాయ

మా సదుం పక్క టమోటా కోసేవాళ్లకు మూడు మాటలు చాలు: పచ్చికాయ, దోరకాయ, పండు. దూరం పోయే లారీకి దోర, దగ్గరి సంతకు పండు. ఒకే క్రేట్లో అన్నీ కలిస్తే మదనపల్లె మండీలో రేటు తెగుతుంది. చిన్నప్పుడు నేను ఏరినవన్నీ కలిసే ఉండేవి. "పచ్చికాయల్లో దోరవి కలిపేసినావు గదరా, కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అని అమ్మ అరిచేది.

కండ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఉద్యోగం కోసం పరీక్షకు పోయినప్పుడు, ఇషిహారా చుక్కల పలకలో అందరికీ కనిపించే అంకె నాకు కనబడలేదు. జపాన్ డాక్టరు 1917లో అచ్చేసిన ఆ పలకలే నేటికీ ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మాలాంటివాళ్లను పట్టిస్తున్నాయి.

కంటి వెనక పొరలో రంగు పట్టే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఎరుపు వైపుదీ, ఆకుపచ్చ వైపుదీ దాదాపు కవలలు. రెండింటి జన్యువులూ ఎక్స్ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. కోతుల పూర్వీకుల్లో ఒక జన్యువుకు నకలు ఏర్పడి ఈ జంట పుట్టింది. ఆకుల నడుమ పండును పోల్చుకోవడానికి పనికొచ్చింది కాబట్టే ఈ చూపు నిలిచిందని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ. పండ్లు ఏరడానికి వచ్చిన చూపు టమోటా రైతు కొడుక్కే కరువు!

మగవాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే. నాకొచ్చిన ఎక్స్‌లో ఆ జంట సరిగా లేదు. అమ్మకు రెండో ఎక్స్ బాగుంది గనుక ఆమె చూపుకు లోటు లేదు. తిట్టిందీ అమ్మే, ఇచ్చిందీ అమ్మే. అమ్మను కన్న తాత మిరపపండ్లు ఏరేటప్పుడు అవ్వను పక్కన కూర్చోబెట్టుకునేవాడట. ఎందుకో అప్పట్లో ఎవరూ అడగలేదు.

నాకు తోడు మాత్రం పెద్దవాడే దొరికాడు. 1919లో మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ్ టాగూరుకూ ఎరుపు సరిగా అందేది కాదని, ఆయన రాతలూ బొమ్మలూ వెతికి కేతకీ కుషారీ డైసన్, సుశోభన్ అధికారి 1997లో బెంగాలీలో పుస్తకమే రాశారు. ఆ కండ్లతోనే ఆయన అరవై దాటాక రెండు వేలకు పైగా బొమ్మలు వేశాడు.

తెలుగు భాష కొంత నా పక్షమే. పసుపునూ పచ్చే అంటాం, ఆకునూ పచ్చే అంటాం. మండీలో మాత్రం ఆ వాదన చెల్లదు.

ఇప్పుడు వేలితో నొక్కి చూస్తాను. పండు మెత్తగా తెలుస్తుంది. దోర వేలికి చిక్కదు. అందుకే కోత రోజు మా ఇంట్లో నా పని క్రేట్లు మోయడం.